"యూజీసీ కంటే పెద్దది": గుర్తింపు లేని ఆన్‌లైన్ ఎంబీఏ ఫీజు మీద వేసిన ఒక కేసు

నేను గుంటూరులో వినియోగదారుల కేసులు చూసే లాయర్ని. క్లయింట్ అనుమతి తీసుకునే ఈ కేసు రాస్తున్నాను. ఆమె ఎవరో తెలిసే వివరాలు తీసేశాను. కోర్సు అమ్మిన కంపెనీ పేరు, అప్పు ఇచ్చిన ఫైనాన్స్ కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటి ఫీజు గొడవలు నా దగ్గరికి చాలానే వస్తాయి. అన్నిట్లోనూ జనం రిఫండ్ పాలసీ పట్టుకుని వాదిస్తారు, అక్కడే ఓడిపోతారు. ఈ కేసు మేం రిఫండ్ పాలసీ మీద నడపలేదు.

క్లయింట్ వయసు 29. బీకాం చదివి మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టులో లెక్కలు రాస్తుంది. ఒక కోల్డ్ స్టోరేజీలో అసిస్టెంట్ మేనేజర్ పోస్టు పడబోతోందని, దానికి ఎంబీఏ కావాలని తెలిసింది. ఫోన్లో ఆన్‌లైన్ ఎంబీఏ యాడ్ చూసి నంబర్ ఇచ్చింది. పది నిమిషాల్లో "కౌన్సెలర్" ఫోన్ చేశాడు. బెంగళూరు కంపెనీ, డిగ్రీ ఇచ్చేది విదేశీ "యూనివర్సిటీ" అన్నాడు. ఫీజు 1,80,000 రూపాయలు. "ఈ రాత్రి 12 లోపు కడితే స్కాలర్‌షిప్" అని ఆ రోజే 20,000 యూపీఐలో కట్టించుకున్నారు. మిగతా 1,60,000 నెలకు 8,000 చొప్పున 20 నెలల "నో కాస్ట్ ఈఎంఐ". ఇదంతా 2024 జనవరి చివరి వారంలో జరిగింది.

నా ఆఫీసుకు ఆమె జూన్‌లో వచ్చింది. అప్పటికి మూడు ఈఎంఐలు కట్టి ఆపేసింది. రెండు బౌన్స్ అయితే బ్యాంకు ఒక్కోదానికి 590 రూపాయలు పట్టుకుంది. రికవరీ వాళ్లు కొట్టు ఓనర్‌కి కూడా ఫోన్ చేశారు. కుర్చీలో కూర్చోగానే ఆమె అన్న మొదటి మాట ఇది: "సార్, అది లోన్ అని నాకు తెలీదండి. ఫీజు వాయిదాలు అనుకున్నాను."

ఆ మాట నేను నమ్మాను. ఆధార్ ఓటీపీ, పాన్ నంబర్, ఒక సెల్ఫీ "అడ్మిషన్ వెరిఫికేషన్" పేరుతో అడిగారు. ఆమె ఇచ్చింది. వెనకాల ఒక ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) 1,60,000 అప్పు మంజూరు చేసి, డబ్బు నేరుగా కోర్సు కంపెనీ ఖాతాలో వేసింది. లోన్ వివరాల పత్రం ఈమెయిల్‌కి వచ్చింది గానీ ఆమె తెరవలేదు. డిజిటల్ లోన్ తీసుకున్నవాళ్లు మనసు మార్చుకోవడానికి కనీసం 3 రోజుల కూలింగ్ ఆఫ్ గడువు ఇవ్వాలని అప్పటికి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంక్ 2022 సెప్టెంబర్ మార్గదర్శకాల్లో ఉంది. అప్పు తీసుకున్నట్టే తెలియని మనిషికి ఆ గడువు ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ముగిసిందో ఎలా తెలుస్తుంది?

అడ్మిషన్ లెటర్ మీది బంగారు ముద్ర

ఆమె తెచ్చిన ప్లాస్టిక్ ఫోల్డర్‌లో అడ్మిషన్ లెటర్ కలర్ ప్రింట్ ఉంది. కింద బంగారు రంగులో గుండ్రటి ముద్ర, దాని చుట్టూ సన్నటి ఇంగ్లిష్ అక్షరాల్లో ఫలానా అంతర్జాతీయ సంస్థ అక్రెడిటేషన్ (గుర్తింపు) ఇచ్చిందని ఉంది. ఆ సంస్థ వెబ్‌సైట్ తెరిచాం. కాంటాక్ట్ పేజీలో అమెరికా అడ్రస్ ఉంది. ఇంకో ట్యాబ్‌లో ఆ "యూనివర్సిటీ" కాంటాక్ట్ పేజీ తెరిచాం. వీధి అదే, బిల్డింగ్ అదే, సూట్ నంబర్‌తో సహా అంతా అదే. ఆమె చాలాసేపు ఆ రెండు ట్యాబులూ మార్చి మార్చి చూస్తూ కూర్చుంది. నేను రెండు పేజీలూ తేదీ, సమయం పడేలా ప్రింట్ తీసి ఫైల్లో పెట్టాను. ఇలాంటి పేజీలు నోటీసు అందిన మర్నాడే మాయమవుతాయి. అందుకే నోటీసు పంపకముందే తీసిపెట్టుకోవాలి.

యూజీసీ అంటే మన యూనివర్సిటీలను నియంత్రించే కేంద్ర సంస్థ. మన దేశంలో డిగ్రీ ఎవరివ్వాలో 1956 నాటి యూజీసీ చట్టం 22వ సెక్షన్‌లో ఉంది. పార్లమెంటు గానీ అసెంబ్లీ గానీ చేసిన చట్టంతో ఏర్పడిన యూనివర్సిటీలు, డీమ్డ్ యూనివర్సిటీలు, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారం ఇచ్చిన సంస్థలు మాత్రమే ఇవ్వాలి. ఆన్‌లైన్‌లో డిగ్రీ ఇవ్వాలంటే యూజీసీ 2020 నిబంధనలకు కూడా లోబడాలి. విదేశీ యూనివర్సిటీల పేరుతో ఎడ్‌టెక్ కంపెనీలు అమ్ముతున్న ఆన్‌లైన్ డిగ్రీలకు గుర్తింపు లేదని యూజీసీ 2023 డిసెంబర్‌లో బహిరంగంగా హెచ్చరించింది. మా క్లయింట్ డబ్బు కట్టింది ఆ తర్వాత నెలలో. ఆ హెచ్చరిక ఆమెకు తెలియకపోవచ్చు. ఆ వ్యాపారమే చేసే కంపెనీకి తెలియదంటే నమ్మలేం.

ఆమె చేసిన పొరపాటు, ఆమెను కాపాడిన మెసేజ్

ఫిబ్రవరిలో ఆమె కోల్డ్ స్టోరేజీ హెచ్‌ఆర్‌ని ముందుగానే వాకబు చేసింది. యూజీసీ గుర్తింపు ఉన్న ఎంబీఏ అయితేనే తీసుకుంటామన్నారు. ఫిబ్రవరి 12 రాత్రి కౌన్సెలర్‌కి వాట్సాప్‌లో అడిగింది: "సార్ దీనికి యూజీసీ అప్రూవల్ ఉందా?" జవాబు: "మేడమ్ మనది ఇంటర్నేషనల్ అక్రెడిటేషన్, అది యూజీసీ కంటే పెద్దది. గవర్నమెంట్ జాబ్‌కి కూడా పనికొస్తుంది. టెన్షన్ పడకండి." ఆ మాట నమ్మి ఇంకో మూడు క్లాసులు వింది. అనుమానం తీరక మార్చి 9న మానేస్తున్నానని ఈమెయిల్ పెట్టింది.

ఆ ఈమెయిల్లో కారణం ఏమని రాసిందో చూసి నాకు గుండె జారింది. "వ్యక్తిగత కారణాల వల్ల" అని ఉంది. ఎందుకమ్మా అలా రాశారంటే, "ఆ కౌన్సెలరే చెప్పాడండి, పర్సనల్ రీజన్స్ అని రాస్తే రిఫండ్ తొందరగా వస్తుందని" అంది. అది ఫోన్లో చెప్పిన మాట, రికార్డు లేదు. రెండు రోజుల తర్వాత కంపెనీ జవాబిచ్చింది: "14 రోజుల రిఫండ్ గడువు దాటింది. మీ వ్యక్తిగత కారణాలతో మానేశారు కాబట్టి పూర్తి ఫీజు చెల్లించాల్సిందే." ఇలా రాయమని చెప్పడం వాళ్ల పద్ధతే అని నా అనుమానం. ఇదే మాట ఉన్న ఈమెయిళ్లు వేరే క్లయింట్ల ఫైళ్లలో కూడా చూశాను.

మీరు ఇలాంటి చోట నుంచి బయటికి వస్తుంటే కారణం ఉన్నదున్నట్టు రాయండి. గుర్తింపు ఉందని చెప్పారు, లేదని ఫలానా తేదీన తెలిసింది, అందుకే మానేస్తున్నాను, ఇంత కట్టాను, తిరిగి ఇవ్వండి. ఈ నాలుగు ముక్కలు చాలు.

మాకు ఆ అవకాశం పోయింది. మిగిలింది ఫిబ్రవరి 12 మెసేజ్. మానేయడానికి దాదాపు నెల రోజుల ముందే ఆమె గుర్తింపు గురించి అడిగిందనీ, వాళ్లు అబద్ధం చెప్పారనీ అది ఒక్కటే నిరూపిస్తుంది. స్క్రీన్‌షాట్ చాలదు. ఫోన్ అలాగే భద్రంగా ఉంచమని, చాట్ డిలీట్ చేయొద్దని, ఫోన్ మార్చొద్దని చెప్పాను. చాట్ ఎక్స్‌పోర్ట్ చేయించి, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఇవ్వాల్సిన సర్టిఫికెట్ జతచేశాం. ఆ చట్టం 2024 జులై 1 నుంచే అమల్లోకి వచ్చింది. పాత సాక్ష్య చట్టంలోని 65బీ ఫారం వాడి ఉంటే అనవసరంగా ఒక అభ్యంతరానికి చోటిచ్చినట్టయ్యేది.

ఎక్కడ, ఎవరి మీద, ఏమని

ముందు ఇద్దరికీ లీగల్ నోటీసు, ఎన్‌బీఎఫ్‌సీ గ్రీవెన్స్ అధికారికి విడిగా ఫిర్యాదు పంపాం. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే ఫైనాన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఖర్చు లేదు. కానీ అదే వివాదం ఇంకో ఫోరంలో నడుస్తుంటే అంబుడ్స్‌మన్ తీసుకోరు. రెండిట్లో ఒకటే ఎంచుకోవాలి. మోసం మొదలైంది కోర్సు కంపెనీ దగ్గర, దాన్ని అంబుడ్స్‌మన్ ముందు నిలబెట్టలేం. అందుకే ఇద్దర్నీ కలిపి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాం.

ఒప్పందంలో వివాదాలకు బెంగళూరులో ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి ఇచ్చే తీర్పు) అని ఉంది. క్లయింట్ దాన్ని చూసే సగం భయపడింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే చోటే కేసు వేయొచ్చు. ఆర్బిట్రేషన్ క్లాజు ఉన్నా వినియోగదారుల కమిషన్ తలుపు మూసుకుపోదని ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫైలింగ్ ఫీజు లేదు. వివాదానికి కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంటుంది, అందులో మేం సుఖంగా ఉన్నాం. ఆగస్టు చివర్లో, అప్పట్లో వినియోగదారుల కేసులు ఆన్‌లైన్‌లో వేసే ఈ-దాఖిల్ పోర్టల్లో దాఖలు చేశాం.

ఫిర్యాదు ఎలా రాయాలన్న దానిమీద నేను ఎక్కువ సమయం పెట్టాను. "14 రోజుల తర్వాత ఒక్క రూపాయీ ఇవ్వం" అనే క్లాజు అన్యాయమని దాడి చేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ అన్యాయమైన ఒప్పందం అనే వాదన వినే అధికారం ఈ చట్టంలో రాష్ట్ర కమిషన్‌కు ఇచ్చారు, జిల్లా కమిషన్‌కు లేదు. అదే ముఖ్య వాదన చేసుకుంటే మొదటి వాయిదాలోనే కేసు వెనక్కి వచ్చేది. కాబట్టి అదే చట్టం 2(47) సెక్షన్ మీద నిలబడ్డాం: లేని అప్రూవల్ ఉన్నట్టు చెప్పి సేవ అమ్మడం అనుచిత వ్యాపార పద్ధతి. తప్పుడు మాటతో తీసుకున్న సమ్మతి మీద నిలబడ్డ ఒప్పందాన్ని మోసపోయినవాళ్లు రద్దు చేసుకోవచ్చని కాంట్రాక్ట్ చట్టం 19వ సెక్షన్ చెబుతుంది. ఒప్పందమే నిలవనప్పుడు అందులోని 14 రోజుల క్లాజు ఎక్కడ నిలుస్తుంది? అదీ మా వరస.

ఫిర్యాదుతో పాటే మధ్యంతర ఉత్తర్వు అడిగాం. రికవరీ ఏజెంట్లు "బౌన్స్ అయితే పోలీస్ కేసు" అని బెదిరిస్తున్నారు. ఈ బెదిరింపు పూర్తిగా గాలి మాట కూడా కాదు. ఎలక్ట్రానిక్ మాండేట్ (ఖాతా నుంచి ఈఎంఐ దానంతటదే కట్ అయ్యేలా ఇచ్చిన అనుమతి) బౌన్స్ అయితే 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం 25వ సెక్షన్ కింద చెక్ బౌన్స్ లాంటి కేసే వేయొచ్చు. దానికి ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి, కట్టడానికి 15 రోజులు ఇవ్వాలి, అసలు చట్టప్రకారం వసూలయ్యే బాకీ ఉండాలి. అయినా సరే, ఎవరినీ అడగకుండా ఈఎంఐ ఆపేయమని నేను ఎవరికీ చెప్పను. ముందు రాతపూర్వకంగా వివాదం లేవనెత్తాలి, ఆ తర్వాతే మిగతావి. సెప్టెంబర్‌లో కమిషన్ బలవంతపు వసూలు చర్యలు ఆపమని ఉత్తర్వు ఇచ్చింది. ఆ సాయంత్రం నుంచి ఫోన్లు ఆగాయి. ఆ రాత్రి నిద్ర పట్టిందని మర్నాడు ఫోన్ చేసి చెప్పింది.

జీఎస్టీ బిల్లు

కోర్సు కంపెనీ తరఫు లాయర్ నేను ఊహించిన అస్త్రమే తీశారు: విద్య సేవ కాదు, విద్యార్థి వినియోగదారుడు కాదు. ఇది తేలిగ్గా తీసేయదగ్గ వాదన కాదు. 2012లో పి.టి. కోషీ కేసులో సుప్రీంకోర్టు అలాగే అంది. 2020 జనవరిలో మను సోలంకి కేసులో జాతీయ కమిషన్ పెద్ద బెంచి కూడా విద్యాసంస్థలు ఈ చట్టం కిందికి రావంది. అయితే అదే తీర్పులో కోచింగ్ సెంటర్లు మాత్రం వస్తాయంది. ఇంకా వెనక్కి వెళ్తే 2009లో బుద్ధిస్ట్ మిషన్ డెంటల్ కాలేజీ కేసు ఉంది. అఫిలియేషన్, డెంటల్ కౌన్సిల్ గుర్తింపు లేకుండానే ఉన్నట్టు చెప్పి చేర్చుకున్న కాలేజీ మీద విద్యార్థులకు అనుకూలంగా సుప్రీంకోర్టు నిలబడింది.

తీర్పులు ఇటూ అటూ ఉన్నప్పుడు వాదన గాల్లో తేలుతుంది. కిందికి దించడానికి ఒక కాగితం కావాలి. అది ఆమె ఫోల్డర్‌లోనే ఉంది. నేనూ మొదటిసారి పట్టించుకోలేదు, ఫీజు లెక్క సరిచూస్తుంటే కంటబడింది. కంపెనీ ఇచ్చిన ట్యాక్స్ ఇన్‌వాయిస్‌లో 1,80,000ని రెండు ముక్కలు చేశారు: 1,52,542 కోర్సు ఫీజు, 27,458 జీఎస్టీ. అంటే 18 శాతం. పక్కన కోడ్ 999293.

ఆ కోడ్ కమర్షియల్ ట్రైనింగ్, కోచింగ్ సేవలది. చట్టం గుర్తించిన డిగ్రీకి చదువు చెప్పే విద్యాసంస్థ తన విద్యార్థుల ఫీజు మీద జీఎస్టీ వేయదు, దానికి మినహాయింపు ఉంది. ఈ కంపెనీ 18 శాతం వసూలు చేసిందంటే తాను ఆ మినహాయింపు కిందికి రానని తానే ఒప్పుకున్నట్టు. వాదనల రోజు కమిషన్ మెంబర్‌గారు బిల్లు చేతిలోకి తీసుకుని, "ఈ నంబర్ ఏంటండీ?" అని అవతలి లాయర్నే అడిగారు. కోచింగ్ కోడ్ అని ఆయన చెప్పాల్సి వచ్చింది. "పన్ను కట్టేటప్పుడు కోచింగ్, కేసు వచ్చినప్పుడు యూనివర్సిటీనా?" అన్నారు మెంబర్‌గారు. నేను ఆ అంశం మీద ఇంకేమీ మాట్లాడలేదు.

క్లాసులు విన్నది కదా అనే వాదన కూడా వచ్చింది. 9 లైవ్ క్లాసులకు లాగిన్ అయిన రికార్డు పెట్టారు. అందులో చివరి మూడు ఫిబ్రవరి 12 తర్వాతవి. వాటికి మా జవాబు మళ్లీ ఆ మెసేజే: "యూజీసీ కంటే పెద్దది, టెన్షన్ పడకండి" అన్నాక వింది.

ఎన్‌బీఎఫ్‌సీ "మా అప్పు వేరే ఒప్పందం, కోర్సుతో మాకు సంబంధం లేదు" అంది. కోర్సు కంపెనీకీ మీకూ మధ్య ఉన్న ఒప్పందం కమిషన్ ముందు పెట్టండని మేం దరఖాస్తు వేశాం. విద్యార్థి మానేస్తే అప్పు డబ్బు ఎవరు ఎవరికి తిరిగివ్వాలో అలాంటి ఒప్పందాల్లో రాసుకుంటారు. పత్రాలు తెప్పించే అధికారం కమిషన్‌కు వినియోగదారుల చట్టం 38వ సెక్షన్ కింద ఉంది. తర్వాతి వాయిదాకి పత్రం రాలేదు, రాజీ ప్రతిపాదన వచ్చింది: లోన్ మూసేస్తాం, మిగిలిన 1,36,000 అడగం.

డ్రాఫ్ట్‌లో "సెటిల్డ్" అని ఉంది. నేను సంతకం పెట్టనివ్వలేదు. క్రెడిట్ రిపోర్ట్‌లో "సెటిల్డ్" అని పడితే, పూర్తిగా కట్టలేక బేరమాడి తప్పించుకున్నాడని తర్వాత ఏ బ్యాంకైనా చదువుకుంటుంది. "క్లోజ్డ్" అని రాయాలి, రిపోర్ట్‌లో ఎన్ని రోజులు బకాయి పడిందో చూపే గడులు కూడా సరిచేయాలి, నో డ్యూస్ లెటర్ ఇవ్వాలి అని పట్టుబట్టాం. దీని కోసం రెండు వాయిదాలు పోయాయి. క్లయింట్ "పోనీలెండి సార్, లోన్ పోయింది చాలు" అంది. చాలదమ్మా అన్నాను. 2025 జనవరిలో మేం అడిగినట్టే సంతకాలయ్యాయి. రిపోర్ట్ సవరణకు మాత్రం మళ్లీ ఉత్తరం రాయాల్సి వచ్చింది. ఫిర్యాదు చేశాక 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నియమం 2024 ఏప్రిల్ నుంచి ఉంది. ఆ సంగతి ఉత్తరంలో రాశాక మూడో వారంలో సరిచేశారు.

ఉత్తర్వు

తుది ఉత్తర్వు 2025 జూన్‌లో వచ్చింది. మూడు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది, మాకు దాదాపు పది నెలలు పట్టింది. కోర్సు కంపెనీ 44,000 తిరిగివ్వాలి (మొదటి 20,000, కట్టిన మూడు ఈఎంఐల 24,000), ఫిర్యాదు వేసిన తేదీ నుంచి 9 శాతం వడ్డీ, పరిహారం 10,000, ఖర్చులు 5,000.

పరిహారం లక్ష అడిగాం, పదివేలు ఇచ్చారు. ఇందులో తప్పు నాదే. మానసిక క్షోభ అని ఒక్క వాక్యం రాసి వదిలేశాను. ఓనర్‌కి ఫోన్లు వచ్చిన కాల్ రికార్డు ఉంది, ఓనర్ చేత అఫిడవిట్ వేయించి ఉండాల్సింది. ఆయన వేస్తానన్నారు కూడా. తర్వాతి కేసుల్లో ఈ పని మొదటి నెలలోనే చేయిస్తున్నాను.

45 రోజుల అప్పీలు గడువు దాటినా డబ్బు రాలేదు. అమలు పిటిషన్ వేశాం. ఉత్తర్వు పాటించకపోతే వినియోగదారుల చట్టం 72వ సెక్షన్ కింద నెల నుంచి మూడేళ్ల వరకు జైలు శిక్షకు వీలుంది. నోటీసు డైరెక్టర్ల పేరుమీద వెళ్లాక అక్టోబర్‌లో డీడీ వచ్చింది.

డీడీ తీసుకోవడానికి వచ్చిన రోజు ఆమె బ్యాగులోంచి ఇంకో బ్రోషర్ తీసి బల్ల మీద పెట్టింది. ఈసారి మన దేశంలోదే, పేరున్న యూనివర్సిటీ, ఆన్‌లైన్ ఎంబీఏ. "చూస్తారా సార్?" అంది. మీరే చూడండమ్మా అని ల్యాప్‌టాప్ అటు తిప్పాను. యూజీసీ డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో పేజీ తెరిచి, అకడమిక్ సెషన్ ఎంచుకుని, యూనివర్సిటీ పేరు కొట్టింది. పేరు వచ్చింది. అక్కడితో ఆగలేదు, ఆ సెషన్‌కు అనుమతి ఉన్న కోర్సుల జాబితా తెరిచి వేలితో ఒక్కో లైనూ చదివింది. బీకాం ఉంది, ఎంకాం ఉంది. ఎంబీఏ లేదు. బ్రోషర్ మడిచి బ్యాగులో పెట్టుకుంది.